మెదడులో 'గడ్డ': నాన్నకి ఆస్పిరిన్ ఇచ్చారు, పెదనాన్నకి ముట్టుకోవద్దన్నారు. ఎందుకీ తేడా?

కొవ్వూరు_కుర్రాడు

మూడు వారాల కిందట మా నాన్నకి (61 ఏళ్ళు) పక్షవాతం వచ్చింది. పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే బ్రష్ చేతిలోంచి జారిపోయింది. తీద్దామంటే కుడిచెయ్యి లేవలేదు. మూతి కాస్త వంకర, మాట ముద్దముద్దగా. రాజమండ్రి తీసుకెళ్ళాం. స్కానింగ్ చేసి "మెదడులో రక్తం గడ్డకట్టింది" అన్నారు. వారం ఉంచి పంపారు. ఎకోస్ప్రిన్ (అంటే ఆస్పిరినే), కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర రాసిచ్చారు.

అసలు గొడవ ఇప్పుడు. మూడేళ్ళ కిందట మా పెదనాన్న (అప్పటికి 64) కూడా ఇలాగే పడిపోయారు. ఆయనకీ "మెదడులో రక్తం గడ్డకట్టింది" అనే చెప్పారు. పడిన వెంటనే ఊళ్ళో ఆర్ఎంపీ, గుండెపోటేమోనని ఆస్పిరిన్ వేశాడు. ఆసుపత్రిలో డాక్టరు ఆ మాట విని తల పట్టుకున్నాడు. ఆ మాత్ర ముట్టుకోకూడదన్నాడు. పదకొండో రోజున పెదనాన్న పోయారు.

అప్పట్నుంచీ పెద్దమ్మకి ఆస్పిరిన్ అంటే విషం. నాన్న మందుల సంచి చూసి "మీ అన్నని మింగిన మాత్రే నీకూ ఇచ్చారు" అంది. నాలుగు రోజులుగా నాన్న ఎవరికీ చెప్పకుండా ఆ ఒక్కటీ పక్కన పెట్టేస్తున్నారు. నిన్న దిండు కింద దొరికాయి.

ఒకే తల్లి బిడ్డలు, ఒకే వంటింటి తిండి, ఇద్దరికీ బీపీ, ఇద్దరికీ గడ్డే. మరి ఒకరికి మందైంది ఇంకొకరికి విషం ఎలా అయింది? ఇంకోటి, నాకు 34. మొన్న చూపించుకుంటే 146/94. నాకు వీటిలో ఏది రాసిపెట్టి ఉంది?

పల్నాడు_పచ్చిమిర్చి

మిగతావి తర్వాత. ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ మాత్ర సంగతి చెప్పు. ఇవాళే.

చింతచిగురు

దిండు కింద నయం. మా మావగారు తులసికోటలో పాతేవారు. ఒకసారి మట్టి మారుద్దామని తవ్వితే పదిహేను షుగర్ మాత్రలు బయటపడ్డాయి. తులసి మాత్రం ఏపుగా ఉంది.

నైట్_డ్యూటీ

న్యూరాలజీలో పీజీ చేస్తున్నా. కొవ్వూరు గారూ, ఇద్దరి స్కాన్ రిపోర్టులూ ఇంట్లో ఉంటే తీయండి. చివర్లో రెండు మూడు లైన్లు ఉంటాయి. అందులో 'ఇన్‌ఫార్క్ట్' అని ఉందా, 'హెమరేజ్' అని ఉందా చూసి చెప్పండి. నాకు తెలిసి మీ గొడవంతా 'గడ్డ' అన్న మాటలోనే ఉంది.

సిరిసిల్ల_సీను

నిజమే అన్నా. మన దగ్గర అన్నీ గడ్డలే. ట్యూమరంటే గడ్డ, చీము పట్టినా గడ్డ, రక్తం పేరుకున్నా గడ్డ. మాకైతే ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఎక్స్‌ట్రా.

కొవ్వూరు_కుర్రాడు

పెదనాన్న రిపోర్టు పెద్దమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఉంది, బతిమాలి తీయించాను. "రైట్ గ్యాంగ్లియోకాప్సులర్ హెమరేజ్" అని ఉంది. నాన్నది "అక్యూట్ ఇన్‌ఫార్క్ట్ ఇన్ లెఫ్ట్ ఎంసీఏ టెరిటరీ". అంటే రెండూ వేరా?

నైట్_డ్యూటీ

పూర్తిగా వేరు. మీది గోదావరి జిల్లా కాబట్టి కాలువ లెక్కలో చెప్తా.

కాలువలో పూడిక పడింది, లేదా పైనుంచి చెట్టు కొమ్మ కొట్టుకొచ్చి తూములో అడ్డం పడింది. కింద చేలకి నీళ్ళందక ఎండిపోతాయి. అది మీ నాన్నగారిది, ఇన్‌ఫార్క్ట్. కాలువ గట్టు తెగి చేను మునిగిపోయింది. అది మీ పెదనాన్నగారిది, హెమరేజ్. పంట రెండిట్లోనూ పోతుంది. కాలూ చెయ్యీ పడిపోవడం, మూతి వంకర పోవడం రెండిట్లోనూ ఒకేలా ఉంటాయి. రిపేరు మాత్రం ఒకటి కాదు.

రక్తనాళంలో గడ్డ అడ్డం పడితే రక్తం పల్చబడే మందు కావాలి. రక్తనాళం చిట్లి, బయటికొచ్చిన రక్తం మెదడులో పేరుకున్నా చూడటానికి గడ్డలాగే ఉంటుంది, ఆసుపత్రిలో తొందరలో మేమూ గడ్డనే అంటాం (మా తప్పే). అక్కడ పల్చబడే మందు ఇస్తే కారుతున్నది ఇంకా కారుతుంది. అందుకే సీటీ స్కాన్ చూడకుండా ఆస్పిరిన్ వెయ్యకూడదు. బయటనుంచి మనిషిని చూసి ఇది పూడికో, గండో ఎంత పెద్ద డాక్టరైనా ఖాయంగా చెప్పలేడు. హెమరేజ్‌లో తలనొప్పి, వాంతులు, స్పృహ తప్పడం ఎక్కువగా ఉంటాయి, అంతే.

ఆ ఒక్క మాత్ర వల్లే మీ పెదనాన్న పోయారని ఎవరూ చెప్పలేరు. రక్తనాళం చిట్లింది ముందు, మాత్ర వేసింది తర్వాత. రిపోర్టులో రాసిన ఆ చోటు మెదడు లోతుల్లో సన్నటి రక్తనాళాలుండే చోటు. ఏళ్ళ తరబడి అదుపులో లేని బీపీకి మొదట బలయ్యేవి అవే.

ఫార్మసీ_బాబాయ్

పూడికలోనూ రకాలున్నాయి కదా డాక్టరూ, అది కూడా చెప్పు. నా కౌంటరు దగ్గరకి వచ్చేవాళ్ళందరూ "పక్షవాతం మాత్రలివ్వు" అంటారు. పక్షవాతం మాత్ర అని ఒకటుంటుందా అసలు.

నైట్_డ్యూటీ

ముఖ్యంగా మూడు. మెడలోనో తలలోనో పెద్ద ధమనిలో కొవ్వు పేరుకుని ఇరుకైపోవడం: బీపీ, షుగర్, సిగరెట్, కొలెస్ట్రాల్ నాలుగూ కలిసి చేసే పని. తెల్లవాళ్ళలో ఇది మెడ ధమనిలో ఎక్కువ, మన ఆసియావాళ్ళలో తల లోపలి ధమనుల్లో ఎక్కువ కనిపిస్తుంది. రెండోది మెదడు లోపలి సన్న నాళాలు మూసుకుపోవడం, దీనికి బీపీ, షుగర్ చాలు. మూడోది గుండెలో తయారైన గడ్డ కొట్టుకొచ్చి అడ్డం పడటం, ఇందాకటి చెట్టు కొమ్మ. గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే స్ట్రోక్ ముప్పు దాదాపు 5 రెట్లు.

గండి వైపు చూస్తే బీపీయే పెద్ద దొంగ. తర్వాత విపరీతమైన తాగుడు, అదుపు తప్పిన బ్లడ్ థిన్నర్లు, బాగా పెద్ద వయసులో రక్తనాళాల గోడల్లో అమిలాయిడ్ అనే పదార్థం పేరుకోవడం.

సిగరెట్టూ షుగరూ పూడిక వైపు ఎక్కువ మొగ్గుతాయి, తాగుడు గండి వైపు. కొలెస్ట్రాల్ అయితే గండికి కారణం కానే కాదు. రెండు వైపులా గట్టిగా కూర్చున్నది బీపీ. 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఇంటర్‌స్ట్రోక్ అని 32 దేశాల అధ్యయనం ఉంది, మన దేశమూ అందులో ఉంది. మార్చుకోగలిగిన పది కారణాలు తేలాయి, స్ట్రోకుల్లో సుమారు 90 శాతం వాటి లెక్కలోకే వచ్చాయి. మొదటి స్థానం బీపీదే, అది కూడా గండి రకంలో ఇంకా గట్టిగా.

నెయ్యి_నాగరాజు

కొలెస్ట్రాల్ మాత్రలు అమ్ముకోడానికి ఇవన్నీ. మా తాత రోజూ గిద్దెడు నెయ్యి తాగి 92 ఏళ్ళు బతికాడు.

పల్నాడు_పచ్చిమిర్చి

నాగరాజన్నా, మీ తాత రోజూ ఎన్ని మైళ్ళు నడిచేవాడు, నువ్వు ఎన్ని నడుస్తున్నావు?

నెయ్యి_నాగరాజు

టాపిక్ మార్చొద్దు.

సిరిసిల్ల_సీను

మా చిన్నాయన ముచ్చట చెప్త. మరమగ్గం మీద పని, రాత్రి పగలు షిఫ్టులు. బీపీ ఉన్నదని గోలి రాసిన్రు. మూడు నెలలు వేసుకున్నడు. మళ్ళ చూపిస్తే 130/80 వచ్చింది. "తక్కువైంది గదా" అని బంద్ చేసిండు. పని అయినంక రోజూ క్వార్టర్ అయితె ఉండాల్సిందే. ఒకనాడు పొద్దున బాత్రూంల పడ్డడు, కక్కిండు, గంటల మాట పోయింది. సీటీ తీస్తె బ్లీడింగ్. అప్పుడు బీపీ 220/130. వయసు 46.

తక్కువైంది గోలితోని అని ఆయనకు ఎవ్వరు సమజ్ చెయ్యలె. ఇప్పుడు మంచంల ఉన్నడు, మనుషుల గుర్తు పడ్తడు, ఎడమ దిక్కు పని చెయ్యది.

ఫార్మసీ_బాబాయ్

ఇది రోజూ చూస్తాను. మొదటి నెల 30 మాత్రలు కొంటాడు. రెండో నెల 15. మూడో నెల "తలనొప్పొస్తే వేసుకుంటాలే". బీపీ తలనొప్పి ఇస్తుందని నమ్మేవాణ్ణి మార్చడం నా వల్ల కాలేదు. చాలామందికి 190 ఉన్నా ఏమీ తెలియదు, చక్కగా బండి తోలుకుంటూ కొట్టుకి వస్తారు.

చరిత్ర_పిచ్చి

గండీ పూడికా అంటే గుర్తొచ్చింది. లెనిన్‌ది పూడిక, స్టాలిన్‌ది గండి.

లెనిన్‌కి 1922 మేలో మొదటి స్ట్రోక్, ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి, 1924 జనవరిలో 53 ఏళ్ళకే పోయాడు. శవపరీక్షలో మెదడు ధమనులు సున్నం పేరుకుని గట్టిపడి ఉన్నాయట, పరికరంతో తడితే రాయిలా మోగాయని రాశారు. స్టాలిన్ బీపీ మనిషి. ఆయన సొంత డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు, తర్వాత ఆ డాక్టర్నే జైల్లో పెట్టించాడు. 1953 మార్చి 1న పడిపోయి, గంటల తరబడి గదిలోకి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేక, 5న పోయాడు. ఎడమ మెదడులో రక్తస్రావం.

అటుపక్క రూజ్వెల్ట్ కూడా గండే. 1945 ఏప్రిల్ 12న పోయిన రోజు నమోదైన బీపీ 300/190. అమెరికా అధ్యక్షుడికే ఆ రోజుల్లో సరైన బీపీ మాత్ర లేదు. ఇవాళ ఏ మెడికల్ షాపులోనైనా దొరికే మాత్ర.

చింతచిగురు

డాక్టర్ని జైల్లో పెట్టించడమా! మా మావగారు తులసికోటతో సరిపెట్టుకున్నారు, ఎంత మంచివారో.

వరంగల్_వదిన

మీరందరు ముసలోళ్ళ ముచ్చట్లే చెప్తున్నరు. మా చెల్లెకు 24 ఏండ్లకే అయింది. బీపీ లేదు, షుగర్ లేదు, సిగరెట్ లేదు. కాన్పయిన పన్నెండో రోజు.

తలనొప్పి అన్నది మూడు రోజులు. బాలింతకు నిద్ర లేక అట్లనే ఉంటదని అందరం అన్నం, నేను గూడ. నాలుగో రోజు ఫిట్స్ వచ్చి, ఎడమ చెయ్యి పడిపోయింది. హైదరాబాద్ కొంటవోతె ఎంఆర్ఐ తీసి, మెదడుల నుంచి రక్తం వాపస్ వొయ్యే సిరల గడ్డ కట్టిందన్నరు. మళ్ళ గడ్డ! ఇగ ఇంకో విచిత్రం, స్కాన్ల బ్లీడింగ్ గూడ ఉన్నది, అయినా రక్తం పల్చగయ్యే ఇంజక్షన్ ఇచ్చిన్రు. ఈ పోస్టు చదివి నాకు అదే అర్థం కాలే. బ్లీడింగ్ ఉంటె ఇయ్యొద్దు అంటిరి గదా?

ఇప్పుడు మంచిగనే ఉన్నది, బిడ్డకు మూడేండ్లు.

నైట్_డ్యూటీ

మంచి ప్రశ్న అక్కా, పరీక్షల్లో మమ్మల్ని ఇదే అడుగుతారు. మీ చెల్లిగారిది కాలువ లెక్కలో మురుగు కాలువ మూసుకుపోవడం. నీళ్ళు బయటికి పోయే దారి లేక వెనక్కి ఎగదన్ని, ఆ ఒత్తిడికి చిన్న చిన్న గండ్లు పడతాయి. అక్కడ రక్తస్రావం అసలు జబ్బు కాదు, దాని ఫలితం. దారి తెరిస్తేనే ఒత్తిడి తగ్గుతుంది. అందుకే రక్తం కనిపిస్తున్నా హెపారిన్ అనే ఆ పల్చబడే ఇంజక్షన్ ఇస్తాం. పేరు సెరిబ్రల్ వీనస్ థ్రాంబోసిస్.

మన దేశంలో ఇది బాలింతల జబ్బుగా పేరుపడింది. కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తానికి గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది. దానికి రక్తహీనత, ఒంట్లో నీరు తగ్గడం తోడవుతాయి. అయితే హైదరాబాద్ నిమ్స్ వాళ్ళు 428 మంది రోగులతో 2012లో ప్రచురించిన లెక్కలో సగానికి కాస్త పైగా మగవాళ్ళే. తాగుడు, రక్తహీనత, రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం ఎక్కువుండటం కూడా కారణాలుగా కనిపించాయి. ఆడవాళ్ళ జబ్బు అనుకుని మగవాళ్ళలో వదిలెయ్యకూడదు.

వరంగల్_వదిన

నీరు తగ్గుడు అంటె, మా దగ్గర బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇయ్యరు. కడుపు పెద్దగైతదని, చల్లదనం చేస్తదని. వేడి నీళ్ళు కొన్ని గుక్కలు, అంతే. ఎండకాలం, తలుపులు కిటికీలు మూసి, చెవుల దూది. మా చెల్లెది మే నెల కాన్పు.

లక్ష్మీకాంతం_పిన్ని

నీళ్ళు తగ్గించడం పథ్యం. మా అమ్మ తొమ్మిది మందిని కంది, అందరికీ అలాగే చేశారు. కాయం తిని, నడుం కట్టుకుని, లేచి తిరిగింది. పాతకాలం వాళ్ళని తప్పు పట్టడం తేలిక.

వరంగల్_వదిన

తప్పు పడ్తలేను పిన్నీ. కాయం మా చెల్లెకు గూడ పెట్టినం. నేను అంటున్నది నీళ్ళ గురించే.

డాలస్_పప్పుచారు

నెలసరి వాయిదా మాత్రల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. గృహప్రవేశమో వ్రతమో తిరుపతి ప్రయాణమో ఉంటే మెడికల్ షాపుకెళ్ళి వేసుకొచ్చేస్తారు. నేనూ పెళ్ళికి ముందు వేసుకున్నా, ఎవర్నీ అడగలేదు.

ఫార్మసీ_బాబాయ్

నా దగ్గర చీటీ లేకుండా ఇవ్వను. తిట్టుకుని పక్క షాపుకి వెళ్తారు. హార్మోన్ మాత్రల వల్ల గడ్డకట్టే ముప్పు పెరుగుతుందని కరపత్రంలో ఉంటుంది. కరపత్రం ఎవరు చదువుతారు, అక్షరాలు చీమతలకాయలంత.

శ్రీకాకుళం_చుట్ట

నా పేరు చూసి నవ్వకండి, మా అమ్మమ్మ జ్ఞాపకంగా పెట్టుకున్నాను. అడ్డచుట్ట తాగేది, అంటే నిప్పు నోట్లోకి పెట్టుకుని. మా వైపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళలో ఆ అలవాటు ఉండేది. అందరూ నోటి కేన్సర్ వస్తుందని భయపెట్టేవారు. కానీ ఆవిడ పోయింది తలలో రక్తనాళం బుడగ పగిలి. పప్పు తిరగమోత పెడుతూ "నా తల పగిలిపోతందే" అని గరిటె వదిలేసింది. జీవితంలో అంత తలనొప్పి ఎప్పుడూ రాలేదంది. కాలూ చెయ్యీ బానే ఆడుతున్నాయి, అందుకే పక్షవాతమని ఎవరికీ తోచలేదు. మెడ బిగుసుకుపోయింది. రెండో రోజున మళ్ళీ పగిలింది.

నైట్_డ్యూటీ

అది గండిలో ఇంకో రకం, మెదడు లోపల కాదు, దాని చుట్టూ ఉండే పొర కింద. రక్తనాళం చీలే చోట చిన్న బుడగ ఊరి పగులుతుంది. దీనికి పొగాకు చాలా పెద్ద కారణం, బీపీ కూడా. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ. రక్తసంబంధీకుల్లో ఇద్దరికి ఇలా జరిగినా, ఇంట్లో పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బున్నా (కిడ్నీల్లో నీటి బుడగలు వచ్చేది) మిగతావాళ్ళు స్కాన్ గురించి డాక్టర్ని అడగడం మంచిది. ఒక్క క్షణంలో పిడుగు పడ్డట్టు వచ్చే తలనొప్పి ఎవరికి వచ్చినా అమృతాంజనంతో ఆగొద్దు.

సాఫ్ట్‌వేర్_సన్యాసి

సెలూన్‌లో మెడ అటూ ఇటూ పటపట విరిపించుకోవడం కూడా ప్రమాదమేనా? నాకు వారానికోసారి అది లేకపోతే నిద్ర పట్టదు.

పల్నాడు_పచ్చిమిర్చి

ప్రమాదమే. మా ఆఫీసులో ఒకతనికి 31 ఏళ్ళు, మర్నాడు కళ్ళు తిరిగి, ఒకటి రెండుగా కనిపించి, నడక తూలింది. అందరం తాగొచ్చాడనుకున్నాం. మెడ వెనక ధమని లోపలి పొర చినిగిందట. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ళ ఒకావిడకి పార్లర్‌లో తల బేసిన్ మీదికి వెనక్కి వాల్చి కడుగుతుంటే స్ట్రోక్ వచ్చిందని పేపర్లలో వచ్చింది చూడు.

సాఫ్ట్‌వేర్_సన్యాసి

సరే, ఇక నిద్ర పట్టకపోవడానికి వేరే కారణం దొరికింది.

డాలస్_పప్పుచారు

గుండె లయ గురించి నైట్ డ్యూటీ గారు చెప్పింది మా అమ్మ కథ. చిన్నప్పుడు కీళ్ళ నొప్పుల జ్వరం వచ్చి గుండె కవాటం ఇరుకైంది. 55 ఏళ్ళకి లయ తప్పింది. తెనాలిలో ఉంటుంది, రక్తం పల్చబడటానికి అసిట్రోం అనే మాత్ర వేసుకుంటుంది. రక్తం ఎంత పల్చబడిందో చూడటానికి నెలనెలా ఐఎన్ఆర్ పరీక్ష, 2కీ 3కీ మధ్య ఉండాలి. శ్రావణమాసం, తోటకూర, గోంగూర, మునగాకు వరుసబెట్టి వండుకుంటే 1.3కి పడిపోయింది. ఆకుకూరల్లో విటమిన్ కె ఈ మందుకి ఎదురు పనిచేస్తుందట. భయపడి పూర్తిగా మానేసింది, ఇంకో నెలలో 4.8. డాక్టరు నవ్వి, మానెయ్యమనలేదమ్మా, రోజూ ఒకే లెక్కలో తినమన్నాను అన్నాడట.

నేను ఇక్కడ కొత్త మందులొచ్చాయి, పరీక్షలక్కర్లేదు, అవి పంపిస్తానని గోల చేశా. కవాటం ఇరుకైన వాళ్ళకి పాత మందే మంచిదని 2022లో పెద్ద అధ్యయనంలో తేలిందట. ఫోన్‌లో తెనాలి డాక్టరు నాకు క్లాసు పీకాడు.

గోంగూర_గోవిందు

గోంగూర మీద కుట్ర మొదలైంది.

కడప_కాశిరెడ్డి

గోంగూరను వదిలేయప్పా, ఊరగాయ సంగతి చూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉప్పు రోజుకు 5 గ్రాముల్లోపు అంటాది. మనకు ఒక పూట ఆవకాయ, ఒక పూట ఉప్పుమిరపకాయలు, మధ్యలో అప్పడం. బీపీ రాకుండా ఎట్లుంటాది? మా నాయనకు స్ట్రోక్ వచ్చి డిశ్చార్జ్ అయిన దినమే మజ్జిగన్నంలో నిమ్మకాయ ఊరగాయ అడిగినాడు.

ఆయప్పకు ఇంకొకటి జరిగింది, అది రాద్దామనే వచ్చినా. చెయ్యి పడిపోయినప్పుడు మాది చిన్న ఊరు, ఆసుపత్రికి రెండు గంటల దారి. దారిలోనే పసరు పోసే ఒక చోటుంది. బంధువులంతా ముందు అక్కడికే అన్నారు. ముక్కులో పసరు పోసినారు, పావురం నెత్తురు రుద్దినారు. సగం దినం పాయ. ఆసుపత్రికి పోయేసరికి గడ్డ కరిగించే ఇంజక్షనుకు వేళ దాటిపోయింది. నేనే కారు తోలినా, నేనే బండి అక్కడ ఆపినా. ఎవర్నీ అనేది లేదు.

స్టాఫ్_నర్స్_87

కాశిరెడ్డి బాబూ, నువ్వు ఒక్కడివే కాదు. ఎమర్జెన్సీలో ముప్పై ఏళ్ళు చేశాను. పసరు కళ్ళలో పడి కళ్ళు ఎర్రబడి వచ్చినవాళ్ళు, ముక్కులోది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెచ్చుకున్నవాళ్ళు ఎంతమందో.

ఆ ఇంజక్షన్‌కి గడువు 4.5 గంటలు. లెక్క ఎక్కడ్నుంచి? మీరు చూసినప్పట్నుంచి కాదు, మనిషి బాగున్నట్టు చివరిసారి తెలిసినప్పట్నుంచి. నిద్రలో వచ్చిందంటే రాత్రి ఎన్నింటికి పడుకున్నాడో అదే లెక్క. అందుకే రాగానే "ఎన్నింటికి?" అని అడుగుతాం, అందరూ "పొద్దున" అంటారు. పొద్దునంటే ఎన్నింటికయ్యా! టైము చెప్పండి. పెద్ద రక్తనాళం మూసుకుపోతే తీగతో గడ్డ లాగేసే పద్ధతి కొందరికి 24 గంటల దాకా చేస్తున్నారు, కానీ అది అన్ని ఊళ్ళలో లేదు, అందరికీ పనికిరాదు. 108కి ఫోన్ చేసేటప్పుడే పక్షవాతం అని చెప్పండి, సీటీ ఉన్న చోటికి తీసుకెళ్ళమనండి. నీళ్ళు పట్టొద్దు, కాఫీ పట్టొద్దు, గొంతు కూడా పడిపోయి ఉంటుంది, పొలమారుతుంది. ఇంట్లో బీపీ మాత్ర నాలుక కింద పెట్టి దించేద్దామని చూడొద్దు.

ఐదు నిమిషాల్లో తగ్గిపోయినా రండి. తగ్గిపోయిందిగా అని ఇంటికెళ్ళినవాళ్ళలో కొందరు రెండు రోజుల్లో మళ్ళీ వస్తారు, ఈసారి స్ట్రెచర్ మీద.

నెయ్యి_నాగరాజు

మా తాత కూడా చివర్లో రెండుసార్లు చెయ్యి తిమ్మిరెక్కి మాట పోయిందన్నాడు, పది నిమిషాల్లో తగ్గింది. అది కూడా ఇదేనంటారా?

స్టాఫ్_నర్స్_87

ఇదే అనిపిస్తోంది నాయనా.

నెయ్యి_నాగరాజు

ఓహో.

కొవ్వూరు_కుర్రాడు

పది రోజులైంది, మళ్ళీ వచ్చా. ఆ రోజే ఫోన్ చేస్తే మాత్ర కొనసాగించమన్నారు, నాన్న నా ఎదురుగా వేసుకోవడం మొదలెట్టారు.

తర్వాత చెకప్‌లో డాక్టరు స్కాన్ మళ్ళీ చూసి, ఇది గుండెనుంచి వచ్చినట్టుంది అన్నారు. అప్పుడు తీసిన ఈసీజీ మామూలుగానే ఉంది కదా అంటే, లయ తప్పడం వచ్చి పోతూ ఉంటుంది, ఆ నిమిషంలో దొరక్కపోవచ్చు అన్నారు. ఛాతీకి ఒక మిషను కట్టి పంపారు. ఆ మిషను చూసి వీధిలో అందరూ బాంబు కట్టుకొచ్చారా అని అడిగారు. రెండో రోజు రాత్రి 2 గంటలకి నలభై నిమిషాలపాటు లయ తప్పిందట. నాన్నకి ఏమీ తెలియలేదు, గురక పెడుతున్నారు. ఎకోలో కవాటాలు బానే ఉన్నాయి. ఇప్పుడు ఎకోస్ప్రిన్ తీసేసి అపిక్సబాన్ పెట్టారు, రోజుకి రెండు పూటలు.

ఇక పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి కాలువ, గండి, పూడిక అంతా చెప్పాను. కొత్త మాత్ర ఆస్పిరిన్ కంటే గట్టిగా రక్తాన్ని పల్చన చేస్తుందని కూడా దాచకుండా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్ళి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చింది. పెదనాన్న మందుల డబ్బా. బీపీ మాత్రల షీట్లు, ఒక్కటీ విప్పలేదు, ఏడు నెలలవి. "నార్మల్ వచ్చిందిరా అని మానేశారు. నేనూ సరే అన్నాను, డబ్బులు మిగుల్తాయి కదా అని" అంది. మూడేళ్ళుగా ఆ డబ్బా దాచి ఉంచింది.

సిరిసిల్ల_సీను

మా చిన్నాయనదీ గట్లనే.

నైట్_డ్యూటీ

అపిక్సబాన్ ఒక్క పూట కూడా తప్పకూడదు. పళ్ళు పీకించుకోవాలన్నా, ఆపరేషన్ అన్నా మీ డాక్టర్ని అడక్కుండా ఆపొద్దు. మోకాళ్ళ నొప్పికి షాపులో నొప్పి మాత్రలు కొని దీంతో కలిపి వెయ్యొద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. బీపీ అదుపులో ఉంచడం ఇప్పుడు రెండింతలు ముఖ్యం, ఎందుకంటే పూడికకి వేసే మందు గండి ముప్పుని కాస్త పెంచుతుంది. పెద్దమ్మగారి భయంలో ఆ మేరకు నిజముంది, ఆవిడకి ఆ మాట చెప్పండి.

మీ 146/94 సంగతేంటి? రాసిపెట్టి ఉండటాలేమీ లేవు. తండ్రికో, తండ్రి అన్నకో వచ్చిందంటే ముప్పు కొంత ఎక్కువే, కానీ ఎక్కువగా వారసత్వంగా వచ్చేది బీపీ. ఇంట్లో వారంపాటు ఉదయం, సాయంత్రం చూసి రాయండి.

కొవ్వూరు_కుర్రాడు

మిషను కొన్నాను. కానీ నా చేతికి రావట్లేదు, పెద్దమ్మ తీసుకెళ్ళిపోయింది. వీధిలో అందరికీ చూస్తోంది. ఇవాళ పొద్దున్న ఆవిడకే 168 వచ్చిందని గోల. రవిక చేతి మీదనుంచే పట్టీ చుట్టి, కాఫీ తాగుతూ, పక్కింటావిడతో మాట్లాడుతూ చూసుకుందట.

స్టాఫ్_నర్స్_87

అలా చూస్తే నాకూ 168 వస్తుంది. కాఫీ తాగాక అరగంట ఆగాలి. ఒంటేలు పోసుకొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేలకి ఆనించి ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టాలి, పట్టీ ఒంటికే చుట్టాలి. రెండుసార్లు చూడమను.

కొవ్వూరు_కుర్రాడు

ఐదు నిమిషాలు నోరు మూసుకోవడం ఒక్కటే కష్టం. సాయంత్రం చూసి చెప్తా.

మోడరేటర్

ఆవకాయ, గోంగూర, నెయ్యి మీద వచ్చిన 23 పోస్టులు 'వంటిల్లు' విభాగంలోకి మార్చాను. ఇక్కడ ఎవరి మందుల డోసులూ అడగొద్దు, చెప్పొద్దు.

గోంగూర_గోవిందు

అన్యాయం.

కొవ్వూరు_కుర్రాడు

సాయంత్రం పెద్దమ్మకి రెండుసార్లు: 152/88, 148/86. సోమవారం డాక్టరు దగ్గరికి పెద్దమ్మని, నన్ను, ఇద్దర్నీ నాన్నే తీసుకెళ్తానంటున్నారు.